దేవ్‌లాలి లెక్కల సారు

ఈ వ్యాసం చదవబోయే విద్యార్థి మిత్రులు ముందుగా ఒక పెన్సిలు, ఒక చిత్తు కాగితం దగ్గర పెట్టుకోవాలని మనవి. లెక్కల పేరు వినగానే పేజీ తిప్పేసే ఆర్ట్స్ మిత్రులు కూడా భయపడనక్కరలేదు. ఇందులో తీసివేత తప్ప మరేమీ లేదు. తీసివేత మనమంతా రెండో తరగతిలోనే నేర్చుకున్నాం.

మన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. ఆ నాలుగు అంకెలను పెద్దదానినుండి చిన్నదానికి పేరిస్తే 6311 అవుతుంది. చిన్నదానినుండి పెద్దదానికి పేరిస్తే 1136. మొదటిదానిలోనుంచి రెండోది తీసేస్తే 5175 వస్తుంది. ఈ 5175ను మళ్ళీ అట్లాగే పేర్చి తీసివేయండి. 7551లో 1557 పోగా 5994. మళ్ళీ అదే పని చేస్తే వరుసగా 5355, 1998, 8082, 8532, చివరకు 6174 వస్తాయి. ఇక 6174ను పేర్చి చూడండి. 7641లో 1467 పోతే మళ్ళీ 6174. అక్కడినుంచి కదలదు. ఎన్నిసార్లు చేసినా అదే.

ఇదేదో గుడి మహిమ అనుకునేరు! మన కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన సంవత్సరం 1976 తీసుకోండి. 9761లో 1679 పోతే 8082, తర్వాత 8532, ఆ తర్వాత 6174. గుడి ఏడు మెట్లలో చేరిన చోటికే విశ్వవిద్యాలయం మూడు మెట్లలో చేరింది. పైగా రెండూ 8082 దగ్గర కలిసి, అక్కడినుంచి ఒకే దారిన నడిచాయి. మీరు పుట్టిన సంవత్సరం తీసుకోండి, మీ హాల్‌టికెట్టులోని చివరి నాలుగు అంకెలు తీసుకోండి, ఫలితం మారదు. నాలుగు అంకెలూ ఒకటే కాకూడదు, మధ్యలో మూడంకెల సంఖ్య వస్తే ముందు సున్న చేర్చి నాలుగంకెలుగా చూడాలి. నియమాలు ఈ రెండే. ఏడు మెట్లకు మించకుండా ప్రతి సంఖ్యా 6174 అనే గుమ్మం తొక్కవలసిందే.

ప్రపంచమంతటా గణితప్రియులు ఈ సంఖ్యను కాప్రేకర్ స్థిరాంకం అంటారు. ఆ కాప్రేకర్ ఎవరు? ఏ కేంబ్రిడ్జి ఆచార్యుడో, ఏ పరిశోధన సంస్థ డైరెక్టరో అనుకుంటే పొరపాటు. ఆయన నాసిక్ దగ్గర దేవ్‌లాలి అనే చిన్న ఊళ్ళో ముప్పై రెండేళ్ళు పిల్లలకు పాఠం చెప్పిన బడిపంతులు. మన కాలేజీలో డిగ్రీ చదివి పరకాలలోనో, నర్సంపేటలోనో, జనగామలోనో టీచరుగా చేరే మిత్రులెందరో ఉన్నారు. ఉద్యోగం వచ్చింది, ఇక చదువుతో పనేముంది అని పుస్తకం అటకెక్కించేవారూ వారిలో ఉన్నారు. ఈ దేవ్‌లాలి సారు జీవితం మనకు కావలసింది అందుకే.

బాల్యం, విద్య

దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1905 జనవరి 17న బొంబాయికి ఉత్తరాన సముద్రతీరంలోని దహాను అనే ఊళ్ళో జన్మించారు. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే తల్లి కన్నుమూసింది. తండ్రి గుమాస్తా. ఆయనే కొడుకును పెంచి పెద్ద చేశారు. తండ్రికి జ్యోతిషం అంటే మహా ఇష్టం. జ్యోతిషం నిజమో అబద్ధమో పక్కన పెడదాం. జాతకం వేయాలంటే కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు తడుముకోకుండా చేయగలగాలి కదా. తండ్రి పక్కన కూర్చుని ఆ లెక్కలు చూసిన పిల్లవాడికి గ్రహాల మీద కంటే అంకెల మీద మోజు కలిగింది. తల్లి లేని ఇంట్లో అంకెలే ఆ బాలుడికి ఆటవస్తువులైనాయి.

హైస్కూలు చదువు ఠాణేలో సాగింది. చిక్కు లెక్కలకు దగ్గరిదారులు వెతకడం ఆ రోజుల్లోనే అలవాటయింది. 1923లో పూనా ఫెర్గూసన్ కాలేజీలో చేరారు. 1927లో అక్కడ, విద్యార్థి స్వంతంగా చేసిన గణిత కృషికి ఇచ్చే ర్యాంగ్లర్ పరాంజపే బహుమతి ఆయనకు లభించింది. 1929లో బొంబాయి విశ్వవిద్యాలయం బి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్నారు. ఆయన పేరు పక్కన చేరిన డిగ్రీ అంతవరకే. ఎమ్మెస్సీ చదవలేదు, పరిశోధనలో శిక్షణ ఇచ్చిన గురువు ఎవరూ లేరు. 1930లో దేవ్‌లాలిలో స్కూలు మాస్టరుగా చేరి, 1962లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నారు.

దేవ్‌లాలి మనకు మరీ పరాయి ఊరేమీ కాదు. మంథని, కాళేశ్వరం రేవుల్లో మనం స్నానం చేసే గోదావరి పుట్టింది ఆ నాసిక్ సీమలోని త్ర్యంబకంలోనే. హైదరాబాదునుంచి మన్మాడ్ మీదుగా బొంబాయి వెళ్ళే రైలు నాసిక్ రోడ్ దాటగానే వచ్చే స్టేషను దేవ్‌లాలి. అదే దారిలో ఇంకా ముందుకు పోతే డోంబివలీ, ఆ తర్వాత ఠాణే వస్తాయి. కాప్రేకర్ జీవితమంతా దాదాపుగా ఈ రైలుపట్టాల వెంబడే నడిచింది. ఆయన లెక్కల్లోకి కూడా రైలు జొరబడింది. ఎట్లాగో చూద్దాం.

స్టేషను పేరున సంఖ్యలు

165 అనే సంఖ్య చూడండి. మొదటి అంకె 1, చివరి అంకె 5. రెండూ కలిపితే మధ్యనున్న 6. అట్లాగే 2553లో 2, 3 కలిస్తే 5. 47773లో 4, 3 కలిస్తే 7. ఇట్లాంటి సంఖ్యల గురించి ఆలోచన కాప్రేకర్‌కు డోంబివలీ స్టేషనులో తట్టిందట. వాటికి ఆ స్టేషను పేరు మీదుగానే డెమ్లో సంఖ్యలని పేరు పెట్టారు. ఈ జాతిలో మరీ అందమైనవి 121, 12321, 1234321 వంటివి. అవి వరుసగా 11, 111, 1111 సంఖ్యల వర్గాలు. మనం రైలు ఆలస్యమైతే స్టేషనుమాస్టరును తిట్టుకుంటాం, లేకపోతే పల్లీలు కొనుక్కుంటాం. ఆయనకు ప్లాట్‌ఫారం మీద సంఖ్యలు దొరికాయి!

మన కాజీపేట జంక్షను గుర్తుకు తెచ్చే మరో ఆలోచన కూడా ఆయనదే. ఏదైనా సంఖ్య తీసుకుని దానికి దాని అంకెల మొత్తం కలపండి. 23కు 2, 3 కలిపితే 28. దానికి 2, 8 కలిపితే 38. ఇట్లా 49, 62, 70, 77, 91, 101 వస్తాయి. ఇప్పుడు 86నుంచి మొదలుపెట్టండి. 8, 6 కలిపితే 100. దానికి 1 కలిపితే 101. వేరువేరు చోట్ల బయలుదేరిన రెండు బండ్లు 101 దగ్గర కలిశాయి. ఇట్లాంటి సంఖ్యలను ఆయన జంక్షన్ సంఖ్యలన్నారు. బల్లార్షా వైపునుంచి, బెజవాడ వైపునుంచి వచ్చే లైన్లు కాజీపేటలో కలిసినట్టు!

మరి 86లోకి ఏ సంఖ్యనుంచి రాగలం? ఎంత వెతికినా దొరకదు. ఏ సంఖ్యకు దాని అంకెల మొత్తం కలిపినా 86 రాదు. 20, 31, 42, 53, 64, 75, 97 కూడా అట్లాంటివే. వీటికి తల్లిదండ్రులు లేరు. అందుకే కాప్రేకర్ వీటిని స్వయంభూ సంఖ్యలన్నారు. తన ఊరి పేరు మీద దేవ్‌లాలి సంఖ్యలని కూడా అన్నారు. వరంగల్లు కోటలో స్వయంభూదేవుని ఆలయ తోరణాల కింద తిరిగిన మనకు ఈ పేరు విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇక తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యలకు ఆయన పెట్టిన పేరు హర్షద సంఖ్యలు, అంటే సంతోషాన్నిచ్చేవి. రామానుజన్ పేరుతో ముడిపడిన 1729 కూడా హర్షద సంఖ్యే. అంకెల మొత్తం 19, పందొమ్మిది తొంభైఒకట్లు 1729. 19ని తిప్పి రాస్తే 91 కావడం మరో తమాషా. 45 వర్గం 2025. దాన్ని రెండుగా విడదీసి 20, 25 కలిపితే మళ్ళీ 45. 297 వర్గం 88209. 88, 209 కలిపితే 297. ఇట్లాంటివాటిని ఈనాడు కాప్రేకర్ సంఖ్యలంటారు.

1949 మద్రాసు

6174 సంగతిని కాప్రేకర్ 1949లో మద్రాసులో జరిగిన గణిత సమావేశంలో ప్రకటించారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు. మద్రాసు ఇంకా సర్కారు, సీమ తెలుగువారికి కూడా రాజధాని. మన వరంగల్లు హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. పెద్ద పెద్ద ఆచార్యులు కూర్చున్న సభలో ఒక హైస్కూలు మాస్టరు లేచి, రెండో తరగతి తీసివేతతో తాను కనుగొన్న విషయం చెప్పారు. 1953లో అమెరికానుంచి వెలువడే స్క్రిప్టా మాథమెటికా పత్రిక దాన్ని అచ్చువేసింది.

అసలు కిటుకు ఎక్కడుంది? ఇది మంత్రం కాదు, తర్కం. నాలుగు అంకెలను పేర్చినప్పుడు మొదటి అంకెకు చివరి అంకెకు ఉన్న తేడాను 999తోను, మధ్య రెండంకెల తేడాను 90తోను హెచ్చించి కలిపితే మన తీసివేత జవాబు వస్తుంది. 1976నే చూడండి. 9761లో బయటి తేడా 8, లోపలి తేడా 1. ఎనిమిది తొమ్మిదివందల తొంభైతొమ్మిదులు 7992, దానికి 90 కలిపితే 8082. సరిపోయింది కదా. బయటి తేడా 1నుంచి 9వరకు ఏదైనా కావచ్చు. లోపలి తేడా 0నుంచి బయటి తేడావరకు ఉండవచ్చు. లెక్క వేస్తే మొత్తం 54 జతలే. అంటే, పది వేల సంఖ్యల్లో దేనితో మొదలుపెట్టినా మొదటి మెట్టులోనే మనం 54 సంఖ్యల చిన్న గూడెంలోకి వచ్చిపడతాం. ఆ 54నూ ఒక సాయంత్రం కూర్చుని ఎవరైనా సరిచూడవచ్చు. కంప్యూటరు అక్కరలేదు.

ఉన్నవి లెక్కకు మించని ఇళ్ళయినప్పుడు, ఎంతకాలం తిరిగినా ఎక్కడో ఒకచోట చూసిన ఇంటికే మళ్ళీ రాక తప్పదు. వచ్చామంటే పాత దారే మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి ఇట్లాంటి ప్రతి అంకెల ఆటా చివరకు ఒక చక్రంలో పడుతుంది. చక్రంలో పడటం వింత కాదు. నాలుగంకెలకు ఉన్న చక్రం ఒక్కటే కావడం, అది కూడా ఒకే ఒక్క సంఖ్యతో ఆగిపోవడం వింత. మూడంకెలకు కూడా ఇట్లాంటి సంఖ్య ఒకటుంది, అది 495. రెండంకెలకు మాత్రం స్థిరమైన చోటు లేదు. 9నుంచి 81, 63, 27, 45, మళ్ళీ 9. గానుగెద్దులాగా తిరుగుతూనే ఉంటుంది. ఐదంకెలకు పోతే ఒకటి కాదు, మూడు చక్రాలున్నాయి. అందులో చిన్నది 53955, 59994 అనే రెండు సంఖ్యలది. ఒకటి రెండోదానికి, రెండోది మొదటిదానికి బంతి విసురుకుంటూ ఉంటాయి.

ఈ ఆట తీసివేతతోనే ఆగదు. ఏదైనా సంఖ్య అంకెల వర్గాలు కూడుతూ పొండి. 4నుంచి 16, 37, 58, 89, 145, 42, 20, మళ్ళీ 4. ఏ సంఖ్యతో మొదలైనా సరే, అది 1 దగ్గర ఆగుతుంది, లేదా ఈ ఎనిమిదింటి చక్రంలో పడుతుంది. మూడో దారి లేదు. 1945లో ఒక అమెరికన్ గణిత పత్రికలో దీని రుజువు అచ్చయింది. వర్గాల బదులు ఘనాలు కూడితే 12నుంచి 9, 729, 1080, 513, చివరకు 153. మూడుతో భాగింపబడే ప్రతి సంఖ్యా ఈ 153 దగ్గరికే చేరుతుంది. ఒకటిని ఏడుతో భాగిస్తే వచ్చే 142857 దశాంశాల్లో తిరిగి తిరిగి వస్తుందని మనకు తెలుసు. అట్లాంటి ఆవర్తన దశాంశాల మీద కూడా కాప్రేకర్ రాశారు.

నవ్వినవారు

ఇంత కనుగొన్న మనిషిని మన దేశం నెత్తిన పెట్టుకున్నదా? లేదు. ఆయన కాలపు మన గణిత పండితుల్లో చాలామంది ఆయన కృషిని పిల్లకాయల ఆటగా చూసి నవ్వుకున్నారు. పేరున్న పత్రికల్లో ఆయన వ్యాసాలు పడింది తక్కువ. చిన్న పత్రికల్లో పడ్డవి కొన్ని. చాలా భాగం తన కొద్దిపాటి జీతంలోనుంచే ఖర్చు పెట్టుకుని చిన్న చిన్న పుస్తకాలుగా అచ్చువేయించుకున్నారు. స్కూళ్ళు, గణిత సంఘాలు పిలిస్తే వెళ్ళి, సంఖ్యల వింతలు చెప్పి వచ్చేవారు. పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఆయనకు గణితానంద్ అనే పేరు కూడా ఉండేది.

పండితుల పక్షాన్ని కూడా న్యాయంగా చెప్పుకోవాలి. రామానుజన్‌ను లోకానికి చూపించిన హార్డీ మహాశయుడే, 1940లో వెలువడిన తన పుస్తకంలో ఇట్లాంటి అంకెల వింతలను ప్రస్తావించి, వీటిలో గణితవేత్తను ఆకట్టుకునేదేమీ లేదని తేల్చేశారు. 8712 తన తిరగవేసిన రూపమైన 2178కి నాలుగింతలు, 9801 తన తిరగవేసిన 1089కి తొమ్మిదింతలు అన్నవి ఆయన చూపిన ఉదాహరణలే. పైన మనం చూసిన 153 కూడా ఆయన జాబితాలో ఉంది. కారణం లేకపోలేదు. మనకు పది వేళ్ళున్నాయి కాబట్టి పదుల్లో లెక్కిస్తున్నాం. ఎనిమిది వేళ్ళున్న ప్రాణి ఏదైనా ఎనిమిదుల్లో లెక్కిస్తే 6174కు ఈ మహిమ ఉండదు. ప్రధాన సంఖ్యల సంగతి అట్లా కాదు. ఎట్లా రాసినా ఏడు ఏడే, దాన్ని భాగించలేం. కాబట్టి అంకెల వింత సంఖ్య స్వభావం కాదు, మనం దాన్ని రాసే తీరులోనుంచి పుట్టింది అన్న వాదనలో బలం ఉంది.

అయినా ఆ వాదనతో కథ ముగియలేదు. కాప్రేకర్ సంఖ్యలకు, 99, 999, 9999 వంటి తొమ్మిదుల వరుసల కారణాంకాలకు గట్టి సంబంధం ఉన్నదని 2000లో వెలువడిన ఒక పరిశోధన వ్యాసం రుజువు చేసింది. తమాషా అనుకున్న దాని అడుగున ఒక నియమం దొరికింది. ఒక పని పదేపదే చేస్తే ఎక్కడికి చేరుతాం, ఎన్ని చక్రాలున్నాయి, ఏ బిందువు ఏ చక్రంలో పడుతుంది అన్న ప్రశ్నలు ఈనాటి గణితంలో ఎన్నో పెద్ద శాఖల్లో అడిగే ప్రశ్నలే. కాప్రేకర్ వాటిని నాలుగంకెల మీద, పెన్సిలుతో అడిగారు. ప్రశ్న చిన్నదైనా అడిగిన తీరు చిన్నది కాదు.

మన పూర్వులు కూడా ఈ ఆనందాన్ని తక్కువగా చూడలేదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో, లబ్ధం ముత్యాల హారంలాగా ఎటు చదివినా ఒకేలా వచ్చే గుణకారాలు ప్రత్యేకంగా ఉన్నాయి. వాటిలో ఒకటి 27994681ని 441తో హెచ్చించడం. ఫలితం 12345654321. ఇది 111111 వర్గమే! అంటే డోంబివలీ స్టేషనులో కాప్రేకర్‌కు తట్టిన అందాన్ని వెయ్యేళ్ళకు పైగా ముందు మహావీరుడు చూశాడన్నమాట. ఆ గణితసారసంగ్రహాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో శాస్త్రగ్రంథాల చరిత్రే అంకెల పుస్తకంతో మొదలైందంటే అతిశయోక్తి కాదు. అట్లాంటి వారసత్వం ఉన్న మనం కాప్రేకర్‌ను చూసి నవ్వవలసింది కాదు.

చివరి రోజులు

1962లో ఉద్యోగ విరమణ అయింది. 1966లో భార్య మరణించారు. పెన్షను బతకడానికి చాలలేదు. ఈ వయసులో విశ్రాంతి తీసుకోవలసిన మనిషి మళ్ళీ పిల్లలకు లెక్కలు, సైన్సు ట్యూషన్లు చెప్పి పొట్ట పోసుకోవలసి వచ్చింది. ఆ ట్యూషన్ల మధ్య కూడా ఆయన తన సంఖ్యలను వదలలేదు. సన్మానాలు లేవు, శాలువాలు లేవు. ఇక ఈ పని ఎవరి కోసం అని అడిగే హక్కు ఆయనకుంది. అయినా పని మానలేదు.

1975 మార్చిలో గాలి తిరిగింది. అమెరికాలోని సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో గణిత వినోదాల శీర్షిక నడిపే మార్టిన్ గార్డ్‌నర్ తన వ్యాసంలో కాప్రేకర్ సంఖ్యల గురించి రాశారు. ఆ శీర్షికను ప్రపంచమంతటా విద్యార్థులు, శాస్త్రజ్ఞులు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసి చదివే రోజులవి. మద్రాసు సభలో ప్రకటించి ఇరవై ఆరేళ్ళయింది. డెబ్బై ఏళ్ళ వయసులో దేవ్‌లాలి సారు పేరు దేశదేశాల్లో మారుమోగింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు. పొరుగూరివాడు వచ్చి ఆకు నలిపి వాసన చూసేదాకా మనకు ఆ చెట్టు విలువ తెలియదు.

1986లో కాప్రేకర్ కన్నుమూశారు. ఆస్తిపాస్తుల మాట అటుంచితే ఆయన విడిచివెళ్ళిన సంఖ్యలు మాత్రం చెక్కుచెదరలేదు. కంప్యూటరు ప్రోగ్రామింగు నేర్చుకునే విద్యార్థి మొదటి రోజుల్లో రాసే ప్రోగ్రాముల్లో 6174 ఈనాటికీ ఉంటుంది. దాన్ని రాసే కుర్రవాడికి ఆ సంఖ్య వెనక ఒక స్కూలు మాస్టరు ముప్పై రెండేళ్ళ సుద్దముక్క పొడి ఉందని తెలియకపోవచ్చు.

మనకేమిటి?

మిత్రులారా, ఈ కథ వల్ల మనకు ఒరిగేదేమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. పరిశోధన అంటే పెద్ద నగరం, పెద్ద గ్రంథాలయం, ఫెలోషిప్పు, విదేశీ గైడు ఉంటేనే అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది. అవన్నీ ఉంటే మంచిదే, కాదనేవారు లేరు. అవి లేకపోతే ప్రశ్న అడగడమే మానేయాలా? కాప్రేకర్‌కు అవేవీ లేవు. ఉన్నవల్లా ఒక నల్లబల్ల, కొంత కాగితం, ఒక్క రోజు కూడా చల్లారని కుతూహలం. ఆయన రామానుజన్ అంత గొప్ప గణితవేత్తనా అంటే, కాదు. ఆ పోలిక ఆయనకు న్యాయమూ కాదు. రామానుజన్ కావడం మన చేతుల్లో లేదు. కాప్రేకర్ కావడం చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

మన కాలేజీనుంచి వెళ్ళి ఊళ్ళలో పాఠాలు చెబుతున్న పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. రేపు బడిలో తీసివేతలు చెప్పేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, పిల్లలను ఏదైనా నాలుగంకెల సంఖ్య తలచుకోమనండి. తరగతిలో నలభై మంది నలభై సంఖ్యలతో బయలుదేరి, గంట కొట్టేలోగా ఒకే సంఖ్య దగ్గర కలుసుకున్నప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడండి. అందులో ఒక్కడైనా ఎందుకు సార్ అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే దేవ్‌లాలి సారు జీవితమంతా బడిలో నిలబడ్డారు.

చివరగా, మీ చిత్తు కాగితం మీద ఇంకా జాగా ఉంటే ఆయన పుట్టిన సంవత్సరం 1905 రాయండి. 9510లో 0159 పోగా 9351, ఆ తర్వాత 8172, 7443, 3996, 6264, 4176, 6174. పూర్తిగా ఏడు మెట్లు, ఒక్కటి కూడా తగ్గలేదు. ఇప్పుడు ఆయన మరణించిన సంవత్సరం 1986 రాయండి. 9861లో 1689 పోతే మొదటి మెట్టులోనే 8172 వస్తుంది. అక్కడినుంచి రెండింటి దారీ ఒక్కటే. ఇందులో దైవలీల ఏమీ లేదు, ఏ సంవత్సరమైనా చివరకు చేరేది అక్కడికే. అయినా ఒక మనిషి పుట్టుక, చావు రెండూ ఆయన వెతికి పట్టుకున్న సంఖ్య దగ్గరికే నడిచి వెళ్ళడం చూస్తే, లెక్క సరిచూసుకోవడానికని పట్టుకున్న పెన్సిలు క్షణంసేపు కాగితం మీదే ఆగిపోతుంది.